నిండుకున్న గడియారం

"గడియారాలాయన నిండుకున్నాడు టీచర్ గారూ. మీకు తెలిసిందా?"

అద్దంకి బస్టాండు పక్కన పురుగుమందుల కొట్టు శెట్టిగారు ఈ మాట అన్నప్పుడు నేను స్కూలు నుంచి ఇంటికి పోతూ ఆ కొట్టు ముందు నిలబడ్డాను. మనిషి పోయాడని చెప్పడానికి ఎవరూ వాడే మాట కాదది. ఇంట్లో బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనడానికి నోరు రాక 'నిండుకున్నాయి' అంటాం. లేనిదాన్ని కూడా నిండుగా చెప్పుకునే మాట. దాన్ని మనిషికి వాడితే ఇంకెవరి విషయంలోనైనా వెటకారమయ్యేది. ఆయన విషయంలో కాదు. ఆ మాట ఆయనదే.

కొట్టు వసారాలో, ఎడమ మూలన, ఆయన అద్దాల బల్ల అలాగే ఉంది. లోపల ఒక్క గడియారం లేదు. పైన ఎవరో మందు కొట్టే స్ప్రేయరు పెట్టారు, దాని గొట్టం అద్దం మీద వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అది తీయించండి శెట్టిగారూ. మనిషి పోయి ఎన్నాళ్ళయిందని?"

"పదకొండు రోజులమ్మా. మా కుర్రాళ్ళకి ఏం తెలుసు..." అంటూ ఆయనే లేచి తీశారు. తీసి, తుండుగుడ్డతో అద్దం తుడిచారు. ఇరవై ఏళ్ళు ఆ మూల కోసం ఆయనతో పోట్లాడిన మనిషి శెట్టిగారు.

పదకొండు రోజులుగా నాకు తెలియలేదు. రోజూ ఆ దారినే పోతున్నాను. సెల్‌ఫోన్లు వచ్చాక వాచీ కట్టుకోవడం మానేశాను కాబట్టి ఆ మూల వైపు చూడటమూ మానేశానన్నమాట. సిగ్గేసింది.

*

చేతికి వాచీ లేని గడియారాల మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. బల్ల మీద పదిహేను, ఇరవై గడియారాలుండేవి. ఒకటి మూడంటే ఇంకొకటి ఎనిమిదంటుంది. వాటి మధ్య కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళను ఆపి, "ఏమయ్యా, టైమెంతయింది?" అని అడిగేవారు. కొత్తవాళ్ళు నవ్వేవారు. మొదటిసారి నేనూ నవ్వాను.

"ఎందుకమ్మా నవ్వుతావు? ఇయ్యన్నీ పేషెంట్లు. పేషెంట్లని అడిగి మందిస్తామా?"

సన్నటి మనిషి. తెల్లచొక్కా, పైగుండీ దాకా పెట్టుకునేవారు. కుడికంట్లో ఎప్పుడూ నల్లటి భూతద్దం డొప్ప. అది తీసినా కంటి చుట్టూ గుండ్రటి అచ్చు అలాగే ఉండేది, కడియం ఒత్తుకున్నట్టు. మాట్లాడేటప్పుడు డొప్ప తీసేవారు కాదు. ఆ కన్ను గడియారం మీద, ఈ కన్ను మన మీద. మా స్కూలు పిల్లలు ఆయన్ను చూస్తే భయపడి పరిగెత్తేవారు.

ఆయన దగ్గర గడియారం 'ఆగిపోయింది' అనకూడదు. అంటే చేతిలో పని కింద పెట్టేసేవారు.

"ఆగిపోవడమేంది? అదేమన్నా గుండెకాయనా? నిండుకుంది అను. కీ ఇస్తే మళ్ళీ తిరుగుద్ది."

ఆ మాట వాళ్ళమ్మ దగ్గర పట్టుకున్నారట. ఆవిడ కూలికి పోయి నలుగురు పిల్లల్ని పెంచింది. ఇంట్లో నూకలు కూడా లేని రోజున పిల్లలు కుండ దగ్గరికి వస్తే, "నిండుకున్నాయిరా, ఈ పూటకి నీళ్ళు తాగి పడుకోండి" అనేదట. చిన్నప్పుడు చాలాకాలం ఆయన అది కుండ నిండిందన్న మాటే అనుకున్నారట. నిండితే పెట్టదేమిటని అమ్మ మీద అలిగేవారట. "మా అమ్మ జన్మలో చెప్పిన అబద్ధం అదొక్కటే" అనేవారు ఆ సంగతి చెప్పినప్పుడల్లా.

తాను మాత్రం ఆ ఒక్కటి కూడా చెప్పనని పట్టుదల. దాని మూలంగా ఊళ్ళో సగంమందితో తగాదాలే. ఒకసారి ఒక పెద్దమనిషి బంగారు రంగు వాచీ తెచ్చాడు, దుబాయి సరుకనీ, అల్లుడు తెచ్చిపెట్టాడనీ నలుగురూ వినేట్టు చెబుతూ. ఈయన మూత ఊడదీసి, ఒకసారి చూసి, మూసేసి ఇచ్చారు.

"ఇది దుబాయి మొహం చూళ్ళేదండి. ఎవరిచ్చారో గానీ మీరంటే వాళ్ళకి పెద్ద ప్రేమేం లేదు."

ఆ మామా అల్లుళ్ళు ఏడాది మాట్లాడుకోలేదు. శెట్టిగారు నెత్తి కొట్టుకుని, "బాగుందని చెబితే నీ సొమ్మేం పోయేదయ్యా?" అంటే, ఈయన డొప్పకన్ను ఎత్తకుండానే, "తప్పు చెప్పే గడియారం కంటే నోరు మూసుకున్న గడియారం నయం శెట్టీ. రిపేరు చేసేవాడు కూడా అంతే" అన్నారు.

ఇక ఆయన నాలుక సంగతి. అది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

గడియారం మూత తీయగానే లోపలి దుమ్ముని సూది మొనతో కొంచెం తీసి నాలుక చివర వేసుకునేవారు. వైద్యుడు నాడి చూసినట్టు కళ్ళు మూసుకునేవారు. తర్వాత చెప్పేవారు. "మీది పత్తి మిల్లు." "మీరు పొగాకు కాల్చే బేరన్ దగ్గర పడుకుంటారు." "ఇది పొన్నూరు వాచీ, తవుడు తగిలింది." ఎప్పుడూ తప్పేది కాదు. దర్శి నుంచి ఒకాయన వాచీ తెస్తే, రుచి చూసి, "దీన్ని కట్టుకునేది మగవాడు కాదు, పిండిమర దగ్గర కూర్చునే ఆడమనిషి" అన్నారు. తెచ్చినవాడు నోరెళ్ళబెట్టాడు. వాళ్ళక్కదట.

"మురికి గదండీ, అసహ్యం లేదూ?" అని అడిగాను.

"మనుషులు అబద్ధం చెప్తారమ్మా. నీళ్ళల్లో పడేసి, పడెయ్యలేదంటారు. దుమ్ము చెప్పదు."

మా ప్రాంతంలో ఆయన అసలు శత్రువు కారం. మాఘమాసం దాటితే కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటాయి. గాలి తిరిగితే ఊరు ఊరంతా తుమ్ముతుంది. తుమ్మితే బల్ల మీదున్న మరలు ఎగిరిపోతాయి కాబట్టి ఆ రెండు నెలలూ ఆయన ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని కూర్చునేవారు. ఒక ఏడు గుడ్డ జారింది. ఆవగింజలో సగం లేని మర ఒకటి పోయింది. రెండురోజులు పని మానేసి, వసారా అంతా మోకాళ్ళ మీద పాకుతూ అయస్కాంతంతో వెతికారు. కొత్తది వెయ్యొచ్చు కదా అని శెట్టిగారు అంటే, "నీ పన్ను ఊడిపోతే నా పన్ను పెట్టుకుంటావా?" అన్నారు. మూడోరోజు అది ఆయన చొక్కా మడతలోనే దొరికింది. ఈ సంగతి చెప్పి శెట్టిగారు ఎన్నిసార్లు నవ్వించారో లెక్కలేదు.

బ్యాటరీ వాచీలంటే ఆయనకు చిన్నచూపు. సెల్లు మారుస్తూ అటెటో చూసేవారు. పాత గోడగడియారాల యంత్రం పీకి పారేసి, చైనా మిషను బిగించి ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. పది నిమిషాల పని. అందరూ చేశారు. ఆయన చెయ్యలేదు. "పైన మొహం ఉంచి లోపల మనిషిని మార్చేస్తే అది మీ తాత గడియారం ఎట్టయిద్దండీ?" అని పంపేసేవారు. పోయినవాళ్ళు తిరిగి వచ్చేవారు కాదు.

ఇదంతా నేను ఆయన దగ్గర వాచీ బాగు చేయించుకుంటూ, ఊరికే నిలబడి కబుర్లాడుతూ చూసింది. ఆయన్ని నిజంగా తెలుసుకున్నది మాత్రం మా నాన్న కారు గడియారం వల్ల.

*

మా నల్లకారు మా తాత కొన్నది. చీరాల వైపు పొగాకు కంపెనీలో పనిచేసిన ఒక దొర సొంత దేశానికి పోతూ అమ్మేస్తే తీసుకున్నాడు. విలాయతీ బండి. స్టీరింగు పక్కన చెక్క పలక మీద, అరచేయంత గుండ్రటి గడియారం. బ్యాటరీతో పనిలేదు. పలక కిందకి చెయ్యి పెట్టి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేది. ముళ్ళు సరిచేసుకోవడానికి అద్దం మధ్యలోంచి ఒక చిన్న ఇత్తడి బొడిపె పొడుచుకొచ్చి ఉండేది.

నాన్నకి అదొక్కటే గడియారం. చేతికి వాచీ కట్టమంటే, "కార్లో ఉందిగా" అనేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, పోయి కీ ఇచ్చి వచ్చేవాడు. శుక్రవారం అమ్మ వంతు. కారుకి దణ్ణం పెట్టుకుని, ఆ గడియారం బొడిపె మీద సరిగ్గా నుదుటి మీద పెట్టినట్టు కుంకుమ బొట్టు పెట్టేది. ముందు అద్దానికో స్టీరింగుకో పెట్టొచ్చు కదా అంటే, "ఇంజను కనపడదు. బండిలో కొట్టుకుంటున్నది ఇదొక్కటే. పెడితే దీనికే పెట్టాలి" అనేది. ముప్ఫయ్యేళ్ళు పెట్టింది.

తొంభై తొమ్మిది వేసవి మొదట్లో ఒక సోమవారం మధ్యాహ్నం అమ్మకి ఛాతీలో నొప్పి వచ్చింది. మా ఊరు అద్దంకికి మూడు మైళ్ళు. నేను స్కూల్లో ఉన్నాను. నాన్న ఒక్కడే అమ్మని కార్లో ఎక్కించుకుని ఒంగోలు బయలుదేరాడు. సగం దారిలో అమ్మ, నొప్పి తగ్గింది, కాసేపు ఆపు, నడుం వాలుస్తానంది. నాన్న గడియారం చూశాడు. నాలుగుకి పది. గుండె డాక్టరు ఐదింటికి గాని రాడు. ముల్లు నాలుగు మీదికి రాగానే పోదామనుకుని వేపచెట్టు కింద ఆపాడు. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలుతో విసురుతూ, ముల్లు కోసం చూస్తూ కూర్చున్నాడు.

ముల్లు నాలుగు మీదికి రాలేదు. అది ఆగిపోయి ఎంతసేపయిందో నాన్నకు తెలియలేదు. తెలుసుకుని బండి ఉరికించేసరికి నీడలు సాగాయి. ఆసుపత్రిలో చూసిన డాక్టరు, "అరగంట ముందు తీసుకొచ్చుంటే" అన్నాడు. ఆయన మామూలుగానే అని ఉంటాడు. నాన్న మాత్రం ఆ అరగంటలోనే ఉండిపోయాడు.

ముందురోజు ఆదివారం. కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా పొద్దున్నే మబ్బు పట్టింది. అందరూ పట్టాలు కప్పడానికి పరిగెత్తారు. ఆ కంగారులో గడియారానికి కీ ఇచ్చాడా, మర్చిపోయాడా? నాన్నకి గుర్తు లేదు. ఇవ్వకపోయి ఉంటే, ముందటి ఆదివారం ఇచ్చిన కీ సరిగ్గా ఆ సోమవారానికి అయిపోతుంది. లెక్క సరిపోతుంది. నేను లెక్కల టీచర్ని. సరిపోదని అబద్ధమాడటానికి కూడా నాకు దారి లేదు.

నాన్నని నా దగ్గరికి, అద్దంకి తెచ్చుకున్నాను. కారు కూడా వచ్చింది. దాన్ని తుడిచేవాడు గాని గడియారం ముట్టుకునేవాడు కాదు. కీ వైపు చెయ్యి పెట్టేవాడు కాదు. అన్నం దగ్గర కూర్చుని ఉన్నట్టుండి, "ఇచ్చానంటావా అమ్మా?" అనేవాడు. ఏమిటని నేను అడిగేదాన్ని కాదు. ఏడాది గడిచింది. మనిషి సగమయ్యాడు.

చివరికి నేను పోయి గడియారాలాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతూ వసారాలోనే ఏడ్చాను. ఆయన మొదటిసారి నా మాట వింటూ కంటి డొప్ప తీశారు.

"ఊడబెరికి తేవొద్దు. నేనొస్తా" అన్నారు.

*

ఆ మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చి, తెల్లచొక్కాతోనే కారు లోపల నేల మీద వెల్లకిలా పడుకుని, తలకాయ పలక కిందకి దూర్చారు. కాళ్ళు మాత్రం తలుపు బయట. నాన్న ఆ కాళ్ళ పక్కనే నిలబడి మాట్లాడుతున్నాడు.

"నాకది నడవక్కర్లేదండి. ఒక్కటి చెప్పండి చాలు. కీ అయిపోయి ఆగిందా? కీ ఉండగా ఆగిందా?"

రెండుసార్లు 'ఆగింది' అన్నాడు. ఆయన దిద్దలేదు.

"ఆ బొడిపె మీద బొట్టుంది. తుడవకండి. మా ఆవిడ పెట్టింది."

"తుడవనండి" అన్నది లోపలి నుంచి గొంతు.

వరండాలో బల్ల మీద ఉతికిన దిండు గలీబు పరిచాను. గడియారాన్ని దాని మీద బోర్లించి వెనక మూత తీశారు. కీని రెండు వేళ్ళతో బిగించి పట్టుకుని, పక్కనున్న చిన్న కొక్కేన్ని సూదితో ఎత్తి, కీని కొంచెం కొంచెంగా వెనక్కి వదిలారు. అది తిరిగింది. ఒక చుట్టు. రెండు. నేను లెక్కపెడుతున్నాను. నాన్న లెక్కపెడుతున్నాడో లేదో తెలియదు, కళ్ళు మూసుకున్నాడు. ఏడో చుట్టు దాటాక గాని అది నెమ్మదించలేదు.

"నిండుకుందా?" అన్నాడు నాన్న. ఆయన మాటనే, భయం భయంగా.

"నిండుకోలేదండి. నిండుగా ఉంది. ఎనిమిది రోజుల కీలో రోజున్నర కూడా వాడలేదు. మీరు ఆదివారం కీ ఇచ్చారు. ఒట్టు."

నాన్న మా ఎదుట ఎప్పుడూ ఏడ్చిన మనిషి కాదు. ఆ రోజు వరండా స్తంభం పట్టుకుని ఏడ్చాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఆయన మా వైపు చూడకుండా తన పనిలో తానున్నారు. అద్దం తీశారు, బొడిపెని బొట్టుతో సహా అగ్గిపెట్టెలో పెట్టారు, ముళ్ళు తీశారు, తెల్లటి మొహం పలక తీశారు.

"మరి ఎందుకాగినట్టు?" అన్నాడు నాన్న మొహం తుడుచుకుంటూ.

ముళ్ళ ఇరుసు చుట్టూ ఎర్రటి పొడి గడ్డకట్టి ఉంది. కిందున్న పళ్ళచక్రంలోకీ దిగింది. అందరం చూశాం. ఆయన సూది మొనతో కొంచెం తీసి నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మామూలుగా అయితే వెంటనే చెప్పేసేవారు. ఆ రోజు చాలాసేపు పట్టింది. కళ్ళు తెరిచి ముందు అగ్గిపెట్టె వైపు చూశారు, తర్వాత నా వైపు.

"కార్లో మిరపకాయలు వేసేవారా?"

"మిర్చి యార్డుకి శాంపిలు తీసుకుపోయేవాణ్ణి. ఒకటో అరో బస్తా."

"అదీ. కారమండి."

"కారమా?"

"కారమే. మన ప్రాంతంలో ఏ గడియారం ఇప్పినా ఇదే. బస్తాలు వేసినా వెయ్యకపోయినా గాల్లోనే ఉంటది. దీన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. ఎవరి తప్పూ లేదు."

నాన్న ఆ ఎర్రటి పొడి వైపు చూసి, "ఓసి నీ తస్సాదియ్యా" అన్నాడు. తర్వాత, నేను నమ్మలేకపోయాను, నవ్వాడు. ఏడాది తర్వాత నవ్వాడు. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

గడియారం ఆయన దగ్గర మూడు వారాలుంది. పెట్రోల్లో ఒక్కో చక్రం కడిగారట, అరిగిన ఇరుసుని వెంట్రుకవాసి మెరుగు పెట్టారట. పడుకోబెట్టి ఒకరోజు, నిలబెట్టి ఒకరోజు, తలకిందులుగా ఒకరోజు నడిపించి చూశారట. తెచ్చి బిగించాక టైము ఎంతని ఎవరినీ అడక్కుండా, నన్ను రేడియో పెట్టమన్నారు. వార్తల ముందు కూతలు వినపడగానే బొడిపె తిప్పి సరిచేశారు. బొడిపె మీద అమ్మ బొట్టు అలాగే ఉంది. బొడిపె వెనక సన్నటి తోలుబిళ్ళ ఒకటి కొత్తగా వేశారు, దుమ్ము పోకుండా.

నేను గేటు దాకా సాగనంపాను. అక్కడ ఆగి, నేల చూస్తూ అన్నారు.

"అమ్మా, బొట్టు పెట్టాలనుకుంటే ఇకనించి చుట్టూ ఉన్న ఇత్తడి చట్రం మీద పెట్టు. బొడిపె మీద వద్దు."

"ఎందుకండీ?"

"అంటే... నాన్నగారు ముళ్ళు తిప్పేటప్పుడు అమ్మ పెట్టింది చెరుగుద్ది గదా."

నిజమే కదా అనుకున్నాను. లెక్కల టీచర్ని, అంతకు మించి అనుకోలేకపోయాను.

*

శెట్టిగారి దగ్గర కబురు విన్న తర్వాతి ఆదివారం, చర్చి వదిలే వేళకి, పేటలో వాళ్ళింటికి పోయాను. వాళ్ళావిడ నన్ను ఎప్పుడూ చూడలేదు. పేరు చెప్పాను, తెలియలేదు. నల్లకారు వాళ్ళమ్మాయిని అన్నాను.

ఆవిడ లోపలికి పోయి, ఆయన కంటి డొప్ప దాచుకునే రేకుడబ్బా తెచ్చింది. డొప్ప కింద, మడిచిన చిన్న కాగితం పొట్లం. పైన పెన్సిలుతో 'నల్లకారు' అని ఉంది.

"ఏ గడియారంలో దుమ్మయినా ఉఫ్‌మని ఊదేసేవారమ్మా. ఇదొక్కటే దాచారు. పారెయ్యబోతే కసిరారు. ఒకళ్ళు చేతులు జోడించింది, మనం చెత్తలో వెయ్యకూడదన్నారు. నాకర్థం కాలేదు. మీదేనా?"

మాదేనని తలూపాను. ఆవిడే మళ్ళీ అంది.

"ఆ ఏడే అనుకుంటా. నెలకి ఒక ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటది గదా, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో మచ్చ పెట్టుకుని తీసుకోకూడదు. ఆయన జీవితంలో ఒక్కసారి మానలా. ఆ ఏడు మూడు నెలలు ఆ బల్ల దగ్గరికి లేవకుండా కూర్చున్నారు. పాస్టరుగారు కూడా చూశారు. ఏం చేశారని అడిగితే, ఒక గడియారం సంగతి తప్పు చెప్పానన్నారు. పోయి నిజం చెప్పేసి రారాదా అన్నా. 'చెప్పను. అందుకే లేవట్లా' అన్నారు."

అక్కడే, ఆవిడ ఎదురుగానే, పొట్లం విప్పాను. చిటికెడు ఎర్రటి పొడి. వేలితో కొంచెం అద్ది నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాను. మా నేల కారం ఎన్నేళ్ళయినా మంట మర్చిపోదు. మంట కోసం చూశాను. రాలేదు. చప్పగా, వెనకాల కొంచెం పసుపు చేదు.

అమ్మ కుంకుమ. ముప్ఫయ్యేళ్ళ శుక్రవారాలు బొడిపె పక్క సందులోంచి ఒక్కో రేణువూ లోపలికి దిగింది. కొట్టుకుంటోంది కాబట్టి బొట్టు పెట్టింది. పెట్టింది కాబట్టి అది నిండిపోయింది. ఆ సోమవారం నాలుగుకి పది నిమిషాల ముందు దాన్ని పట్టి ఆపింది అమ్మ చెయ్యే. ఈ మాట నాన్న చెవిన పడితే మా నాన్న మళ్ళీ ఏ జన్మకీ ఆ వేపచెట్టు కిందనుంచి లేచి వచ్చేవాడు కాదు. గడియారాలాయన అది కళ్ళు మూసుకున్న ఆ కాసేపట్లో నాలుక మీదే తేల్చుకున్నారు. ఊళ్ళో పెద్దమనిషికి కూడా బాగుందని ఒక్క మాట చెప్పలేని మనిషి, మా నాన్నకి కారమని చెప్పారు. చెప్పి, ఎవరినీ క్షమాపణ అడగకుండా, మూడు నెలలు ప్రభువు బల్ల దగ్గరికి పోకుండా కూర్చున్నారు. ఆయనకి నేను దణ్ణం కూడా పెట్టుకోలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న కార్లో కూర్చుని, పలక కిందకి చెయ్యి పెట్టి కీ ఇస్తున్నాడు. డెబ్భై దాటాయి. ఆదివారం మాత్రం తప్పడు. చెప్పుల చప్పుడవగానే తల తిప్పాడు.

"ఏవన్నారమ్మా వాళ్ళింట్లో? చేతిలో ఏంది, ఆ పొట్లం?"

"మన గడియారంలో పొడి నాన్నా. ఆయన దాచి ఉంచారట."

"ఏదీ?"

పొట్లం విప్పి చూపించాను. నాన్న చూపు ఆనక కళ్ళు చికిలించాడు. వేలు ముందుకి చాచాడు. నేను మడిచేశాను.

"చూశాన్లే నాన్నా, నాలిక్కి రాసుకుని. కారమే."

నాన్న తృప్తిగా తలూపి, మిగిలిన రెండు చుట్లూ తిప్పి, చెయ్యి బయటికి తీసుకున్నాడు.

"నేననలా? ఆయన నాలుకకి తిరుగుందా!"